బూజుకు వాకిలి తెఱచిన జ్వరము



2021వ సంవత్సరపు వేసవిని మీలో ఎవ్వరును మఱచియుండరు. కోవిడు రెండవమాఱు విజృంభించి, ప్రాణవాయువు కొఱకు జనులు ఆసుపత్రుల వాకిళ్లలో పడిగాపులు పడిన దినములవి. ఆ గండము గడచి, ఇల్లు చేరి, ఇక బ్రదికితిమని నిట్టూర్చినవారిలో కొందఱికి రెండు మూడు వారములలోనే మఱియొక యుపద్రవము మొదలయ్యెను. మొగమున ఒకవైపు మొద్దుబాఱెను. చెక్కిలి నొప్పి పుట్టెను. కన్ను వాచి, ఒక్క వస్తువు రెండుగా కనబడెను. ముక్కునుండి నల్లని స్రావము కాఱెను. పత్రికలవారు దీనికి బ్లాక్ ఫంగస్ అని పేరు పెట్టిరి. వైద్యులు మ్యూకర్మైకోసిస్ అందురు. బూజు దేహములో మొలచి, ముక్కునుండి కంటికి, కంటినుండి మెదడునకు ప్రాకు వ్యాధి యిది.

ఆ సంవత్సరము జూను 28వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన లెక్కను మీకు వినిపింతును. నాటికి దేశమున ఈ వ్యాధి సోకినవారు 40,845 మంది. మరణించినవారు 3,129 మంది. రోగులలో కోవిడు వచ్చియుండినవారు 34,940 మంది. మధుమేహము, అనగా మనవారు చక్కెర జబ్బు అనునది, ఉన్నవారు 26,187 మంది. స్టెరాయిడు అను ఔషధమును పుచ్చుకొన్నవారు 21,523 మంది. ఈ కడపటి మూడంకెలను కూడినచో మొత్తము రోగుల సంఖ్యను ఎంతయో మించును. ఏలన, ఒక్కొక్కరియందు రెండేసి, మూడేసి కారణములు కలిసియుండెను. ఒక క్రొత్త జ్వరము, ఒక పాత జబ్బు, ఒక మందు, ఈ మూడును ఒక్క దేహమున కలిసికొన్నప్పుడు ఏమి జరుగునో చెప్పుటయే నేటి నా పని.

మొదట బూజును గుఱించి రెండు మాటలు. ఇది ఎక్కడనుండియో ఓడ యెక్కి వచ్చినది కాదు. ఈ జాతి బూజులలో మనుష్యులకు తఱచుగా వ్యాధి కలిగించునది రైజోపస్ అనునది. తడిసి మాగిన గడ్డివామిలోను, పెంటకుప్పలోను, క్రుళ్లిన పండ్లపైనను, నిలువయుంచిన రొట్టెపైనను దూదివలె తెల్లగా మొదలై, పైన సూదిమొనలంతేసి నల్లని చుక్కలు కట్టు బూజు ఇట్టిదే. ఆ చుక్కలు పగిలి, బీజరేణువులు గాలిలో తేలును. కంటికి కనబడవు. వాములు కదలించినప్పుడు, పాత యింటి పైకప్పు విప్పినప్పుడు మనమందఱమును వానిని పీల్చుచునే యున్నాము. మన తాతలును పీల్చిరి. వారిలో నూటికి తొంబదితొమ్మండుగురికంటె ఎక్కువమందికి ఏమియు కాలేదు.

ఇంటిలోని ఊఱగాయ జాడీని తలచుకొనుడు. ఉప్పు, కారము, నూనె సరిగా నున్నంతకాలము గాలిలోని రేణువులు దానిపై ఎన్ని పడినను మొలకెత్తవు. తడిగరిటె ఒక్కమాఱు పెట్టిన చాలును, నాలుగు దినములలో పైన బూజు పట్టును. అప్పుడు ఇల్లాలు గాలిని తిట్టదు. తడిగరిటె పెట్టినవారెవ్వరని అడుగును. మన దేహమును ఇట్లే విచారింపవలెను. ఆరోగ్యవంతుని ముక్కులోనికి, ఊపిరితిత్తులలోనికి చేరిన రేణువులను కొన్ని రక్షకకణములు మ్రింగివేయును. వానిని తప్పించుకొని మొలకెత్తినదానిని తెల్ల రక్తకణములు చుట్టుముట్టి చంపును. ఈ కావలి చెడినప్పుడే బూజునకు అవకాశము.

నల్ల బూజు అను పేరు కొంత మోసము చేసినదనియు చెప్పవలెను. నలుపు ఆ బూజు రంగు కాదు. అది రక్తనాళములలోనికి చొచ్చుకొనిపోయి, అందు రక్తమును గడ్డకట్టించును. రక్తము పాఱని మాంసము చచ్చి నల్లబడును. ఆ నలుపు మృతమాంసపు నలుపు. ఈ సంగతి తెలియక, ఆ దినములలో ఉల్లిపాయ పొరలపై కనబడు నల్లని పొడియే ఈ రోగమునకు మూలమని ఒక వదంతి పుట్టి ఊరూర తిరిగెను. ఉల్లిపై నుండునది వేఱు జాతి బూజు. కడిగి, పైపొర తీసి వండుకొనుట మన ఆడువారు తరతరములుగా ఎఱిగినదే. అటుపిమ్మట తెల్ల ఫంగస్, పచ్చ ఫంగస్ అని రంగురంగుల పేర్లు బయలుదేఱెను. రంగును బట్టి భయపడుటవలన ఒరిగినదేమియు లేదు.

ఈ వ్యాధి కోవిడుతో పుట్టినదియు కాదు. 1885లోనే పల్టౌఫ్ అను వైద్యుడు దీనిని వర్ణించి గ్రంథస్థము చేసెను. మన దేశమున చండీగఢులోని వైద్య విద్యా పరిశోధన సంస్థవారు 1990 మొదలు 1999 వఱకు పది సంవత్సరములలో 129 మంది రోగులను చూచిరి. తరువాత 2000 మొదలు 2004 వఱకు ఐదు సంవత్సరములలోనే 178 మందిని చూచిరి. ఏటికి పదుమూడు మందియుండిన చోట ముప్పదియాఱుగురైరి. అప్పుడు కోవిడు లేదు. అదుపు తప్పిన మధుమేహమే ఆ పెరుగుదలకు ముఖ్యకారణమని వారు గుర్తించిరి. కావున వైరసు రాకమునుపే మన దేశమున జాడీ మూత సగము తెఱచియుండెనని గ్రహింపుడు.

చక్కెరకును ఈ బూజునకును గల స్నేహము విచిత్రమైనది. రక్తమున చక్కెర మిక్కిలి పెరిగినప్పుడు తెల్లకణములు మందగించి, శత్రువునొద్దకు చురుకుగా పోలేవు, పోయినను చంపలేవు. చికిత్స లేక అది ముదిరినచో రక్తమునకు ఆమ్లగుణము వచ్చును. ఆరోగ్యదశలో మన రక్తములోని ఇనుము ఒక మాంసకృత్తునకు గట్టిగా బంధింపబడి, తాళము వేసిన గాదెలోని ధాన్యమువలె నుండును. ఆమ్లము ఆ తాళమును సడలించును. ఈ బూజునకు ఇనుమే ఎరువు. ఇందుకు వైద్యచరిత్రలో ఒక సాక్ష్యము కలదు. మూత్రపిండములు చెడి, యంత్రముచే రక్తశుద్ధి చేయించుకొనువారికి, దేహమున మీఱిన లోహమును తీసివేయుటకై పూర్వము డిఫెరాక్సమిన్ అను మందిచ్చెడివారు. ఆ రోగులలో ఈ బూజువ్యాధి హెచ్చుగా కనబడెను. విచారింపగా, ఆ మందు పట్టుకొన్న ఇనుమును బూజు లాగికొని పెరుగుచున్నదని తేలెను. మేలునకిచ్చిన మందు శత్రువునకు ఆహారమైనది.

ఇక వైరసు చేసిన పనికి వత్తము. తీవ్రమైన కోవిడు ఊపిరితిత్తుల లోపొరను, రక్తనాళముల లోపొరను గాయపఱచును. గాయపడిన పొరను బూజు సులభముగా అంటుకొని లోనికి దిగును. రక్తములోని లింఫోసైట్లు అను రక్షకకణముల సంఖ్య పడిపోవును. ఇంతేకాక, తీవ్రజ్వరపు ధాటికి చక్కెర తనంతట తానే పెరుగును. అదివఱకు తమకు మధుమేహము లేదనుకొన్న పలువురకు ఆసుపత్రిలోనే మొదటిసారి అది కనబడెను. ఇనుమును నిలువచేయు ఫెరిటిన్ అను పదార్థము రక్తమున విశేషముగా పెరుగుటయు చూచిరి. అదియు బూజునకు తోడ్పడియుండునని పరిశోధకుల అభిప్రాయము.

2020 సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు మన దేశములోని పదునాఱు ఆసుపత్రులవారు కలిసి 287 మంది మ్యూకర్మైకోసిస్ రోగులను పరిశీలించిరి. అందు 187 మంది కోవిడు వచ్చినవారు. అంతకుముందటి సంవత్సరము అవే నెలలతో పోల్చగా వ్యాధి రెండింతలకు పైగా పెరిగెను. కోవిడు రోగులలో సుమారు మూడవ వంతు మందికి కోవిడు తప్ప వేఱొక మూలవ్యాధి కనబడలేదు. రక్తమున ప్రాణవాయువు తగ్గుట, స్టెరాయిడులను తగని రీతిగా వాడుట, ఈ రెండును వ్యాధికి దారితీసిన కారణములుగా వారు తేల్చిరి. ఇది 2021 వేసవికి ముందే జరిగిన పరిశీలన. హెచ్చరిక ముందే యుండెను. అది గ్రామములకు చేరలేదు.

ఇట్టి పని కోవిడు ఒక్కటియే చేయునని తలపకుడు. హాలండు, బెల్జియము దేశములలో 2009 మొదలు 2016 వఱకు, తీవ్రమైన ఇన్‌ఫ్లుయెంజా జ్వరముతో ఆసుపత్రులలోని అత్యవసర విభాగములలో చేరిన 432 మందిని పరిశీలింపగా, నూటికి 19 మంది ఊపిరితిత్తులలో ఆస్పర్జిల్లస్ అను మఱియొక బూజు పట్టియుండెను. ఎయిడ్సు కలిగించు వైరసు వేఱు మార్గమున పోవును. అది తొందరపడదు, ఏండ్ల తరబడి రక్షకకణములను తినివేసి, పావురముల రెట్టలో పెరుగు క్రిప్టోకాకస్ అనుదానిని మెదడు పొరలదాక రానిచ్చును.

ఇప్పుడు కష్టమైన విషయము. స్టెరాయిడు మంచిదా, చెడ్డదా? ఒక్క మాటలో సమాధానము చెప్పుమనువారికి నేను చెప్పజాలను. 2020 జూనులో ఇంగ్లండులోని ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారు డెక్సామెథసోన్ అను స్టెరాయిడును గుఱించిన తమ పరీక్షాఫలితమును ప్రకటించిరి. శ్వాసయంత్రముపై నున్న కోవిడు రోగులలో అది మరణములను మూడింట ఒక వంతు తగ్గించెను. ప్రాణవాయువు మాత్రము పొందుచున్నవారిలో ఐదింట ఒక వంతు తగ్గించెను. ప్రాణవాయువు అవసరము లేనివారికి మేలేమియు కనబడలేదు. వారు వాడిన మోతాదు దినమునకు 6 మిల్లీగ్రాములు, పది దినములకు మించలేదు.

ఈ మందు ఎట్లు పనిచేయునో ఎఱిగినచో ఆ ఫలితము అర్థమగును. కోవిడు ముదిరినప్పుడు ఊపిరితిత్తులను పాడుచేయునది వైరసు మాత్రమే కాదు. దానిపైకి లేచిన మన రక్షకకణములే, దొంగను పట్టు నావేశమున ఊరి యిండ్లకు నిప్పు పెట్టిన కావలివాండ్రవలె, స్వంత ఊపిరితిత్తులను కాల్చును. స్టెరాయిడు ఆ కావలివాండ్ర చేతిలోని కొఱవులను దింపించును. నిప్పంటుకొన్న వేళ అది ప్రాణము నిలుపును. నిప్పు లేనివేళ దింపించినచో, దొంగకు దారి యిచ్చినట్లే. దానికి తోడు ఈ మందు చక్కెరను పెంచును. తడిగరిటె యనగా ఇదియే.

ఒక ఊహ చేయుదము. ఏబదియైదేండ్ల రైతు. తనకు చక్కెర జబ్బున్నదని ఎఱుగడు, ఏనాడును పరీక్ష చేయించుకొనలేదు. జ్వరము వచ్చిన రెండవనాడు, ఆయాసము లేదు, ఊరి ఆర్.ఎం.పి. వైద్యునొద్దకు పోయెను. ఆయన సూది వేసి, నాలుగు మాత్రలు పొట్లము గట్టి యిచ్చెను. అందొకటి స్టెరాయిడు. మఱునాటికి జ్వరము తగ్గెను, ఒళ్లునొప్పులు పోయెను, ఆకలియు వేసెను. హస్తవాసి మంచిదని ఇంటివారు సంతోషించిరి. పొట్లము అయిపోగా మందులకొట్టునుండి అవే మాత్రలు మఱి పదునైదు దినములకు తెప్పించిరి. ఆ దినములలో లోపల చక్కెర మూడింతలైనది ఎవ్వరికి తెలియును? ఆర్.ఎం.పి. వైద్యునిపై పగబట్టి నేనీ మాట చెప్పుట లేదు. అర్ధరాత్రి తలుపు కొట్టిన లేచి వచ్చువాడు పలు గ్రామములలో ఆయనయొక్కడే. పట్టణములలో పట్టములు గల కొందఱును ఆ సంవత్సరము ఇదే పొరపాటు చేసిరి. వెంటనే గుణము చూపు మందు ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని ఇరువురను మభ్యపెట్టును.

కొందఱు ప్రాణవాయువు సిలిండరులను, వానికి కట్టు నీటిసీసాలను అనుమానించిరి. శుభ్రత ఎప్పుడును అవసరమే. కాని ప్రాణవాయువు ముట్టక, ఇంటనే మందులు మ్రింగినవారికి గూడ వ్యాధి వచ్చుటచే, ఆ యొక్క కారణముతో లెక్క తేలదు.

వ్యాధి పట్టిన పిమ్మట గడియలే లెక్క. ముక్కు ఒకవైపు మూసికొనిపోవుట, నెత్తుటి జీర గల లేక నల్లని స్రావము, చెక్కిలి మొద్దుబాఱుట, పైపండ్లు కారణము లేక కదలుట, అంగిలిపై నల్లని మచ్చ, కనుఱెప్ప వాలుట, చూపు మందగించుట: జ్వరము తగ్గిన తరువాత వీనిలో ఒక్కటి కనబడినను చెవి, ముక్కు, గొంతు వైద్యునొద్దకు ఆనాడే పోవలెను. కంటికి చుక్కలు వేసికొని, పంటికి లవంగనూనె రాచి, సంత దినము దాక వేచియుండరాదు. ఆసుపత్రిలో ముక్కులోనికి సన్నని దీపపు గొట్టము పంపి చూతురు. అనుమానమున్నచోట చిన్న తునక తీసి, క్షారద్రవపు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో పరిశీలింతురు. వెడల్పైన పట్టీలవలె, ఇంచుమించు లంబకోణమున కొమ్మలు చీలిన బూజు దారములు కనబడును.

దీనికి ముఖ్యమైన మందు ఆంఫోటెరిసిన్. 1950 దశకమున వెనిజులా దేశపు మట్టిలో దొఱికిన ఒక సూక్ష్మజీవినుండి దీనిని తీసిరి; మట్టిలో పెరుగు బూజునకు మట్టియే విరుగుడునిచ్చినది. పాత రకపు మందు మూత్రపిండములను బాధించును. క్రొవ్వు బిందువులలో పొదిగిన క్రొత్త రకము మేలు, కాని వెల హెచ్చు. దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 5 మిల్లీగ్రాములు ఈయవలెను. అఱువది కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు. సీసా ఒక్కింటికి 50 మిల్లీగ్రాములు. అనగా దినమునకు ఆఱు సీసాలు, నాలుగు వారములకు 168 సీసాలు. ఒక్కొక్క సీసా వేలకొలది రూపాయలు. 2021 మే మాసమున వెల యిచ్చెదమన్నను ఆ సీసాలు దొఱకక, కొడుకులు, అల్లుండ్రు చీటీలు చేతబట్టుకొని పట్టణములన్నియు తిరిగిరి. ఆ నెల 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ఈ వ్యాధిని 1897 నాటి అంటురోగముల చట్టము క్రింద తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించెను. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి అచ్చటి రోగులకు ముఖ్యకేంద్రమయ్యెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చెను. జూను 12న ఈ మందుపై జి.ఎస్.టి. పన్ను తీసివేయబడెను.

మందొక్కటియే చాలదు. చచ్చిన మాంసమునకు రక్తము పోదు, రక్తము పోనిచోటికి మందును పోదు. కావున శస్త్రవైద్యుడు నల్లబడిన భాగమునంతయు తీసివేయవలెను. కొందఱికి పై దవడ పోయెను. కొందఱికి కన్నే తీయవలసివచ్చెను. కన్ను తీయుటకు ఒప్పుకొందువా అని భర్తను గుఱించి భార్యను అడిగిన వేళ, ఆమె ఊరి పెద్దలకు ఫోను చేసి సలహా అడుగుట సహజము. అట్టి పిలుపు మీకు వచ్చినచో, కన్ను దక్కించు నాటుమందు పలానా ఊరిలో కలదని చెప్పకుడు. అప్పటికి అది కంటికిని ప్రాణమునకును నడుమ ఎన్నిక. ఆలస్యమైన ప్రతిదినమును బూజు మెదడునకు దగ్గఱయగును.

అంతదాక రాకమునుపు చేయదగిన పని చిన్నది. జ్వరముల కాలమున, మధుమేహమున్నవారికిని నలుబదేండ్లు దాటిన ప్రతివారికిని వ్రేలి చివర రక్తపుచుక్కతో చక్కెర చూపించుడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఆ పరీక్ష చేయుదురు. వ్రేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు ఆక్సీమీటరు ఊరికి ఒకటి రెండున్నను చాలును. మాత్రల పొట్లము పుచ్చుకొనునప్పుడు ఇందు స్టెరాయిడు ఉన్నదా, ఎన్ని దినములకు అని నోరు తెఱచి అడుగుడు. అడుగుట అమర్యాద కాదు. అయితే ఉబ్బసమునకో, కీళ్లవాతమునకో చాలకాలమునుండి ఆ మందు వాడుచున్నవారు ఈ ప్రసంగము విని రేపే మానివేయరాదు. హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. వైద్యుడు చెప్పినట్లు క్రమముగా తగ్గించుకొనవలెను.

వ్యాధినుండి బయటపడి వచ్చినవారు ఇప్పటికిని మన గ్రామములలో కలరు. అంగిలి పోయినవారికి దంతవైద్యులు పలకవంటి కృత్రిమ అంగిలిని అమర్తురు. అది లేనిదే తిన్న అన్నము ముక్కులోనికి వచ్చును, మాట ముక్కుతో వచ్చి ఎదుటివారికి తెలియదు. దానిని తీసి కడిగి పెట్టుకొనుటకు సిగ్గుపడి, పెండ్లివిందులకు రాక ఇంటనే యుండిపోయినవారున్నారు. బావిగట్టున, రచ్చబండపై వారికి దూరముగా జరుగువారును ఉన్నారు. ఈ బూజు మనిషినుండి మనిషికి అంటదు. అతని ప్రక్కన కూర్చుండి, అతనితో ఒకే పంక్తిలో భోజనము చేయవచ్చును. అతని చక్కెర పరీక్ష మాత్రము నెలనెలా జరుగుచున్నదో లేదో కనుగొనుడు. మొగమున మరల మొద్దుబాఱినట్లున్నదని అతడన్నచో, ఆ సాయంత్రపు బస్సుకే ఎక్కించి పంపుడు.